ధర్మవరము రామకృష్ణమాచార్యులవారును ఆంధ్రనాటక పితామహ బిరుదమును

ఆంధ్రదేశమున ఏటేట ఏప్రిల్ 16వ తేదీని తెలుఁగు నాటకరంగ దినోత్సవము జరుగుచున్నది. అది 1848లో కందుకూరి వీరేశలింగము పంతులుగారు జన్మించిన దినము. తెలుఁగు రంగస్థలమునకు పంతులుగారే ఆద్యులని లోకమంగీకరించినట్లు దీనివలనఁ దేలుచున్నది. కాని "ఆంధ్రనాటక పితామహ" బిరుదము పంతులుగారిది కాదు. బళ్ళారిలో న్యాయవాదవృత్తియందుండిన ధర్మవరము రామకృష్ణమాచార్యులవారిది. పండుగ యొకరిది, బిరుదము వేఱొకరిది. పాఠశాలలలో తెలుఁగు బోధించు పండితు లీ చిక్కును తఱచుగా నెదుర్కొనుచునే యున్నారు. బిరుదములు సభలలో నుత్సాహమువలన నిచ్చునవియే యని కొందఱు దీనిని త్రోసివేయుదురు. అట్లు త్రోసివేయుటకుముందు, బిరుదమునకు తగిన పని యేమైన జరిగినదా యని విచారించుట న్యాయము.

కాలక్రమము మాత్రమే ప్రమాణమైనచో ఆచార్యులవారి పక్షము నిలువదు. కోరాడ రామచంద్రశాస్త్రిగారి మంజరీమధుకరీయము 1860 ప్రాంతమున వెలసినది. వావిలాల వాసుదేవశాస్త్రిగారు షేక్స్పియరు మహాకవి జూలియస్ సీజరు నాటకమును 1876లో తెలుఁగు చేసిరి. 1880లో నందకరాజ్యచరిత్రమను స్వతంత్రనాటకమును రచించిరి. ఆ 1880లోనే ధార్వాడ నాటకసమాజమువారు రాజమహేంద్రవరమునకు వచ్చి ప్రదర్శనములిచ్చి పోఁగా, వారు విడిచిపోయిన పాకలోనే వీరేశలింగము పంతులుగారు తమ విద్యార్థులచేత నాటకములాడించిరి. అందొకటి చమత్కారరత్నావళి, అది షేక్స్పియరువారి కామెడీ ఆఫ్ ఎర్రర్స్ కథకు తెలుఁగు వేషము. రాయలసీమలోనే 1885లో కడపమండలమందలి సురభిగ్రామమున వనారస గోవిందరావుగారు మొదలగువారు కీచకవధ నాడి యొక సమాజమునకు పునాది వేసిరి. ఇఁక ఆచార్యులవారి సరసవినోదినీ సభ బళ్ళారిలో వెలసినది 1886లో. వారి చిత్రనళీయము ప్రదర్శింపఁబడినది 1887లో. రచనయందు వావిలాలవారును, ప్రదర్శనమందు పంతులుగారును, సమాజస్థాపనమందు సురభివారును ముందువారే యగుచున్నారు. ముగ్గురు ముందుండఁగా నాలవవాఁడు పితామహుఁ డెట్లయ్యెను?

ఆచార్యులవారి యభిమానులు దీనికి సాధారణముగాఁ జెప్పు సమాధానము వారు రచించిన నాటకముల సంఖ్య. చిత్రనళీయము, పాదుకాపట్టాభిషేకము, ప్రహ్లాద, ప్రమీలార్జునీయము, మోహినీరుక్మాంగద, బృహన్నల, విషాదసారంగధర మొదలుగా ముప్పదికి సమీపముగా వారి నాటకములు లెక్కకు వచ్చును. కాని యీ సమాధానము చాలదు. సంఖ్యచేతనే పితామహత్వము సిద్ధించునేని, అదే బళ్ళారిలో వారికి ప్రతిస్పర్ధియైన కోలాచలము శ్రీనివాసరావుగారికిని అంతే హక్కు కలదు. వారును తక్కువ నాటకములు వ్రాసినవారు కారు. కావున ఆచార్యులవారి ప్రథమత్వమును పుస్తకముల పట్టికలోఁ గాక, రంగస్థలముమీఁదనే వెదకవలసియున్నది.

ఆచార్యులవారు 1853లో ధర్మవరమున జన్మించిరి. నేఁడు కొన్ని పుస్తకములు వారిని అనంతపురమండలమున జన్మించినవారని వ్రాయుచున్నవి గాని, వారు పుట్టిననాఁటికి ఆ మండలమే లేదు. 1800లో నిజాము ప్రభువువలన కుంఫిణీవారికి సంక్రమించిన దత్తమండలములలో బళ్ళారి యొకటి. దానినుండి అనంతపురము 1882లో విడివడినది. 2022నుండి ధర్మవరము శ్రీ సత్యసాయి జిల్లాలోనిది. బళ్ళారియో, 1953లో ఆంధ్రరాష్ట్రమేర్పడినప్పుడు మైసూరు రాష్ట్రమునఁ జేరి, తెలుఁగువారి పటమునుండి తొలఁగినది. ఈ మార్పుల నెఱుఁగనిదే ఆచార్యులవారి పనియొక్క స్వరూపము బోధపడదు. వారు పెరిగినది ఒక భాషకే చెందిన సీమ కాదు. ఇంట తెలుఁగు, వీధిలో కన్నడము, పండితగోష్ఠిలో సంస్కృతము, న్యాయస్థానమున నాంగ్లేయము. సైనికులు నివసించు దండుప్రదేశ మొకటి. ఆచార్యులవారు కన్నడమునఁగూడ నాటకరచన చేసిరి. ధార్వాడసమాజములు బళ్ళారికి వచ్చి యాడుచుండఁగా, నాటకమునకు తెలుఁగు భాష తగదను మాట యాయూర వినఁబడుచుండెననియు, దానికి ప్రత్యుత్తరముగనే చిత్రనళీయము పుట్టెననియు ప్రతీతి. ఈ కథలోని వివరములెట్లున్నను, దాని సారము నమ్మఁదగినదే. రెండుభాషలు ప్రక్కప్రక్కను నిలుచుచోటనే యిట్టి పౌరుషము పుట్టును. రాజమహేంద్రవరమున తెలుఁగు నాటకమునకు తగునా తగదా యను ప్రశ్నయే యెవరికిని తోఁచియుండదు.

పంతులుగారు చేసినదానికిని ఆచార్యులవారు చేసినదానికిని భేద మిక్కడనే యున్నది. పంతులుగారికి నాటకము సంఘసంస్కరణమున కొక సాధనము. ధార్వాడవారి పాక చేతికందినది, ఆడించిరి. తరువాత వారి దృష్టి స్త్రీవిద్యకును వితంతూద్వాహములకును మరలినది. అది వారికి లోపము కాదు. వారెన్నుకొన్న పని యది కాదంతే. ఆచార్యులవారు నాటకము నాడించుటయే పనిగాఁ బెట్టుకొనిరి. వారే రచించిరి, వారే పాత్రలకు నటులనేర్పఱచి శిక్షణ మిచ్చిరి, పాదుకాపట్టాభిషేకమున దశరథుఁడుగను, విషాదసారంగధరలో రాజరాజనరేంద్రుఁడుగను వారే నటించిరి. రచయిత, ప్రయోక్త, ప్రధాననటుఁడు ముగ్గురును ఒక్కరే. ఒకనాఁటి పని కాక, ఏండ్లతరబడి సాగిన పని యది.

ఇట్టి త్రివేణి యాకాలమున నింగ్లండుననైనను క్రొత్తదే యని గ్రహింపవలెను. లండనులో లైసియము నాటకశాలను 1878నుండి నడపిన హెన్రీ ఇర్వింగుగారు ప్రధాననటులును నిర్వాహకులును. కాని రచయితలు కారు. రచనయును ప్రయోగమును ఒక్కచేతఁ బట్టినవాఁడు హార్లీ గ్రాన్విల్ బార్కరుగారు. వారు 1904నుండి 1907వఱకు కోర్టు నాటకశాలలో షాగారి నాటకములను పెక్కింటిని రంగమెక్కించిరి. అచ్చటనే వాయిసీ ఇన్హెరిటెన్స్ అను తమ నాటకమునుగూడ నాడించిరి. వేస్ట్ అను మఱొకదానికి 1907లో ప్రభుత్వమువారు అనుజ్ఞ నిరాకరించిరి. 1912లో సవాయి నాటకశాలలో షేక్స్పియరు నాటకములను చిత్రతెరల బరువు తగ్గించి, వేగముగ నడపి, చూపరులను విస్మితులను చేసిరి. తరువాత వేదిక విడిచి కలము పట్టి, షేక్స్పియరునకు పీఠికలు వ్రాయుచు కాలము గడపిరి. 1912 ఆచార్యులవారు గతించిన సంవత్సరము. బార్కరుగారి కథకును ఆచార్యులవారి కథకును ఎట్టి సంబంధమును లేదు. ఒకరి పేరు మఱియొకరికి తెలిసియుండుటకును అవకాశము తక్కువ. ఐనను ప్రయోక్త యను పదవి నాంగ్లేయులనుండి సిద్ధాన్నముగా మనవారు తెచ్చుకొనిరను మాట సరికాదని చూపుటకీ పోలిక చాలును. ఆ పదవి యక్కడను ఇక్కడను ఇంచుమించుగ నొక్కకాలముననే రూపుకట్టుచుండెను.

మఱి యాంగ్లేయనాటకమునుండి ఆచార్యులవారు గ్రహించినదేమి? రంగవిభజనము. ఈ విషయమును పండితులు సామాన్యముగా వ్యాకరణవిషయమువలె ఒక వాక్యమునఁ జెప్పి విడుతురు. దానివెనుక నున్నది వడ్రంగిపని. సంస్కృతనాటకమున అంకము మొదటినుండి తుదివఱకు తెగక సాగును. చోటు మాఱవలసినప్పుడు పాత్ర వేదికపై నొకచుట్టు నడచిన చాలును. దానికి పరిక్రమమని పేరు. వేదికపైఁ జూపని కథాభాగమును విష్కంభ ప్రవేశకములు తెలుపును. తెరపై చిత్రములేని వేదికకు ఈ పద్ధతి మిక్కిలి సుకరము. కాని వనములును మేడలును వ్రాసిన తెరలు వచ్చినతరువాత ఇది కుదురదు. వెనుక నడవి కనఁబడుచుండఁగా నటుఁడొకచుట్టు చుట్టి, ఇది రాజగృహమనినచో ప్రేక్షకులు నవ్వుదురు. తెర మాఱవలెను; మాఱుటకు వ్యవధి కావలెను. అందుచేత వేదిక ముందుభాగమున నొక తెర దింపి దానియెదుట నొక చిన్నరంగము నడపుచు, వెనుక సభాభవనమునో వనమునో సిద్ధపఱచుకొందురు. ఆకాలపు నాటకములలో రెండు పెద్దరంగముల నడుమ ద్వారపాలకుల సంభాషణముగాని, పురజనుల ముచ్చటగాని, విదూషకుని చేష్టగాని వచ్చుచుండును. నేఁడు గదిలోఁ గూర్చుండి చదువు విమర్శకునకవి నిరర్థకముగఁ దోఁచును. వెనుక సుత్తిదెబ్బలు పడుచున్నవని యెఱిఁగినవానికి వాని ప్రయోజనము తెలియును. చిత్రనళీయకర్త వేదిక వెనుక నిలిచి వ్రాసినవాఁడు. తమకుముందు నాటకములను తెనిఁగించిన పండితులలో ననేకులు గ్రంథముముందు గూర్చుండి వ్రాసినవారు.

విషాదసారంగధరను గూర్చి కొంత విస్తరింపక తీరదు. ఆచార్యులవారి సాహసమంతయు నందేయున్నది. సారంగధరకథ తెలుఁగునకుఁ గ్రొత్తది కాదు. పదునైదవ శతాబ్దమున గౌరన నవనాథచరిత్రమున దీనిఁ జెప్పెను. పదునేడవ శతాబ్దమున చేమకూర వేంకటకవి తంజావూరున సారంగధరచరిత్రము రచించెను. గురజాడ అప్పారావుగారు 1883లో ఇదే కథను ఆంగ్లేయపద్యములలో వ్రాసి ప్రకటించిరి. పావురము చిత్రాంగి మేడపై వ్రాలుట, దానికై సారంగధరుఁడు సవతితల్లి యింటికిఁ బోవుట, ఆమె కోరిక, అతని నిరాకరణము, ఆమె చాడి, తండ్రి కోపము, కాలుసేతులు నఱకుట. ఇంతవఱకు అందఱకును తెలిసినదే. అశోకచక్రవర్తి కుమారుఁడైన కుణాలుని కథయందును, యవనకవి యూరిపిడీసు హిప్పొలిటసు నాటకమందును ఇట్టి కథయే కలదు. పరాసుకవి రసీనుగారు దానినే 1677లో ఫేద్ర్ అను పేర వ్రాసిరి.

మన కథలో మాత్రము తరువాత సిద్ధుఁడు వచ్చును. తెగిన యవయవములు మరల వచ్చును. సారంగధరుఁడు చౌరంగి యను యోగియగును. ఆచార్యులవారు ఈ యుపశమనమును తీసివైచిరి. వారి నాటకము శోకమున మొదలై శోకముననే యంతమగును. నాయకుని వధను వేదికపై నెన్నఁడును చూపరాదని దశరూపకము శాసించుచుండఁగా, శ్రీవైష్ణవకుటుంబమున జన్మించి, సంస్కృతమున ప్రవేశముగల పండితుఁడు నాటకము పేరుననే విషాదమను మాట నుంచుట సామాన్యము కాదు. సంస్కృతమునను దుఃఖాంతరూపకము లేకపోలేదు, భాసుని యూరుభంగము కలదుగదా యని నేఁటి పండితులనవచ్చును. కాని త్రివేండ్రమున గణపతిశాస్త్రిగారు ఊరుభంగమును ప్రకటించినది 1912లో; అది ఆచార్యులవారి జీవితమున కడపటి సంవత్సరము. వారు విషాదసారంగధర వ్రాయునాఁటికి సంస్కృతమునుండి వారికి ఆధారముగ నిలుచున దొక్కటియు లేదు. వారి ధైర్యమునకు మూలము షేక్స్పియరు. దానికి నిలుకడ తెచ్చినది మాత్రము తెలుఁగు కథ. చిత్రాంగి పేరుగాని సారంగధరుని పేరుగాని రాజరాజనరేంద్రుని శాసనములలోఁ గానరాదు. ఆతని కుమారుఁడు రాజేంద్రుఁడు 1070లో కులోత్తుంగుఁడై చోళసింహాసనమెక్కి దీర్ఘకాలము పాలించెను. ఐనను రాజమహేంద్రవరమున సారంగధరమెట్ట యున్నది. ఆ మెట్టను చూచినవారెవరును ఆ కథ యబద్ధమనరు. ప్రజలు నిజమని నమ్మిన కథలో ప్రజలకు దొరకుచుండిన ఓదార్పును తీసివేయుట, ఓథెల్లోను తెనిఁగించుటకంటె కష్టతరమైన పని.

ఇఁక వారిపై నారోపింపఁబడు ముఖ్యమైన నేరము పాటలు. ప్రతిపాత్రయు పాడును, కోపమునందును పాడును, ఏడ్పునందును పాడును, చచ్చుచును పాడును. తరువాతి తరమున తెలుఁగు పద్యనాటకము రాగాలాపనముల పోటీగ మాఱి, హార్మోనియము ప్రధానపాత్రయై, మరణించిన హరిశ్చంద్రకుమారుఁడు వన్సుమోరు కేకలకు లేచి కూర్చుండవలసివచ్చినదని పరిహాసములు పుట్టుటకు మూలము బళ్ళారిలోనే యున్నదని విమర్శకులందురు. ఈ నేరము కొంత నిజము, కొంత యన్యాయము. ఆచార్యులవారికి ముందు మహారాష్ట్రమున విష్ణుదాసు భావేగారు 1843లో సీతాస్వయంవరముతో నెలకొల్పిన పద్ధతిలో సూత్రధారుఁడే అందఱిపక్షమునను పాడుచుండెను. 1880లో అణ్ణాసాహేబు కిర్లోస్కరుగారు పుణ్యపట్టణమున సంగీతశాకుంతల మాడించి, ఏ పాత్ర పాట ఆ పాత్రయే పాడునట్లు చేసిరి. అది యానాఁటికి విప్లవము. కిర్లోస్కరుగారిది బెళగాము సీమ. ధార్వాడమునకు దూరము కాదు. ధార్వాడమునుండి బళ్ళారికి దారి తెఱచియే యున్నది. కాఁగా ఆచార్యులవారి పాత్రలు పాడుట ప్రాఁతయక్షగానపు శేషమని తలఁచుట పొరపాటు. అది యానాఁటి క్రొత్తవాడుక. దానితో ధ్వనివిస్తారకయంత్రములు లేని కాలమున, వెనుకవరుసలవారికి వినఁబడునది వచనముకంటె పద్యమును పాటయుననుమాటయు గమనింపవలెను. ఐనను మితము తప్పినమాట వాస్తవము. పాటను సందర్భమునకు లోఁబఱచుటకు ఆచార్యులవారు పూనుకొనలేదు. ఆ పని వారి యింటివాఁడే చేయవలసివచ్చెను.

అతఁడు వారి మేనల్లుఁడు తాడిపత్రి రాఘవాచార్యులు. లోకమునకు బళ్ళారి రాఘవ. 1880లో జననము, 1946 ఏప్రిల్ 16న మరణము. మామ సభలో పెరిగి, మామ పద్ధతినే ఎదిరించిన ధీరుఁడు. రాఘవగారికి రాగముకంటె మాట ముఖ్యము, మాటకంటె మౌనము ముఖ్యము. షైలాకు, ఒథెల్లో పాత్రలను ఆంగ్లేయముననే యభినయించి ప్రసిద్ధులైరి; 1928లో ఇంగ్లండునకుఁ బోయి బెర్నార్డు షాగారిని దర్శించిరి. పురుషులు స్త్రీవేషములు వేయుటను నిరసించి, విద్యావతులగు స్త్రీలను వేదికపైకిఁ దెచ్చిరి. వారి ప్రోత్సాహముననే పి. వి. రాజమన్నారుగారి తప్పెవరిది నాటకము, పాటలులేని సాంఘికవచననాటకము, రంగమెక్కినది. ద్రౌపదీమానసంరక్షణము (1936), రైతుబిడ్డ (1939), చండిక (1940) చలనచిత్రములలోను వారు నటించిరి. మేనల్లుఁడు మామకు విరోధియని చెప్పుట తేలిక. కాని ప్రయోక్త చెప్పినట్లు నటుఁడు నడవవలెనను నియమము, చదువుకొన్నవాఁడు వేదికనెక్కుట సిగ్గు కాదను నిశ్చయము మామ సభలోనే నిలిచియుండనిచో, మేనల్లునకు ఎదిరించుటకైన వేదిక దొరకియుండెడిది కాదు.

ఇదే సందర్భమున కోలాచలము శ్రీనివాసరావుగారిని (1854–1919) మఱువరాదు. వారి సుమనోరమసభ సరసవినోదినికి ప్రక్కనే లేచినది. ఆచార్యులవారు పురాణమును పట్టుకొనఁగా వీరు చరిత్రమును పట్టుకొనిరి. 1565నాఁటి రక్కసి–తంగడి యుద్ధమును విజయనగర పతనమును నాటకముగ వ్రాసిరి. ఆ నాటకమందలి పఠాన్ రుస్తుము పాత్ర రాఘవగారికి గొప్పకీర్తి తెచ్చెను. శ్రీనివాసరావుగారు 1908లో ప్రపంచనాటకచరిత్రమును ఆంగ్లేయమునఁ బ్రకటించిరి. ఒక మండలపట్టణమందలి న్యాయవాది యిట్టి గ్రంథమునకుఁ బూనుకొనుటయే యాశ్చర్యము. ఒక యూరిలో రెండు సభలుండుటవలన వైరములు పెరిగినవి. కాని నాటకములును పెరిగినవి.

ఇచ్చట నొక విశేషము. ఆచార్యులవారు న్యాయవాది. కోలాచలమువారు న్యాయవాది. రాఘవగారు న్యాయవాది. రాజమన్నారుగారు న్యాయవాదియై తరువాత చెన్నపురి ఉన్నతన్యాయస్థానమునకు ప్రధానన్యాయమూర్తియైరి. ఇది కాకతాళీయము కాదు. న్యాయస్థానమున ప్రతిదినమును ఎదుటివాని యెదుట నిలిచి, వినువాని ముఖము చూచి, మాట నెచ్చట నాపవలయునో తెలిసికొనుట వారి వృత్తి. అంతకంటె ముఖ్యమైనది, టిక్కెట్ల సొమ్ముపై వారి జీవనము ఆధారపడియుండలేదు. సురభివారి స్థితి వేఱు. వారికి నాటకమే అన్నము. కుటుంబములు కుటుంబములుగా ఆడుచు, స్త్రీపాత్రలను స్త్రీలే ధరించుచు, ఊరూర డేరాలు వేయుచు వారు బ్రదికిరి. పిల్లలు వేదికపైననే పుట్టి పెరిగిరి. కడపసీమలోఁ బుట్టిన యా సంప్రదాయము నేఁడు చేవెళ్ళ, మొయినాబాదులున్న రంగారెడ్డి మండలముననే, శేరిలింగంపల్లి సురభికాలనీలో నిలిచియున్నది. సరసవినోదినీ సభ పేరు గ్రంథములకెక్కినది. బ్రదికినది సురభి, గౌరవము పొందినది సభ యని యెవరైన ననవచ్చును. అది కఠినమైన మాటయే గాని, అసత్యము కాదు.

ఐనను ఆ గౌరవమే యానాఁడు కావలసియుండెను. నాటకమాడువాఁడు కులీనుఁడు కాఁడు, చదువుకొన్నవాఁడు చూడఁదగినది నాటకము కాదు అను భావము దక్షిణదేశమంతట నుండిన కాలమది. ఆ భావమును కదలించినదెవరను ప్రశ్నకు సాక్ష్యము తెలుఁగువారినుండి కాక, తమిళుని నోటినుండి లభించుచున్నది. 1891లో సరసవినోదినీ సభవారు చెన్నపురికి వచ్చి విక్టోరియా పబ్లిక్ హాలున నాటకము లాడిరి. ప్రేక్షకులలో పదునెనిమిదేండ్ల విద్యార్థి యొకఁడుండెను. పేరు పమ్మల్ సంబంధమొదలియారు. తమిళదేశపు వీథినాటకములనిన అతనికి అంతవఱకు ఏవగింపు. వేదికపైనున్నవారు పట్టభద్రులు, న్యాయవాదులు, ఉద్యోగస్థులని తెలిసి అతఁ డాశ్చర్యపడెను. భాష తనది కాదు. ఐనను ఆ యేడే, జులై 1వ తేదీని, మిత్రులతోఁ గూడి సుగుణవిలాస సభను స్థాపించెను. తరువాత న్యాయవాదియై, న్యాయాధికారియై, మనోహర మొదలుగా పెక్కు తమిళనాటకములు రచించి, హామ్లెటును అమలాదిత్యుఁ డను పేరఁ దమిళమునకుఁ దెచ్చి, తాననేక పాత్రలు ధరించి, తమిళనాటకమునకు తండ్రియని పేరొందెను. 1959లో పద్మభూషణ బిరుదము పొంది, 1964లో గతించెను. తన నాటకానుభవములను పెక్కుభాగములుగ తమిళమున వ్రాయుచు, తాను నాటకకర్తనగుటకు కారణము బళ్ళారి కృష్ణమాచార్యులవారి తెలుఁగు నాటకదర్శనమే యని ఆయన స్పష్టముగఁ బేర్కొనెను.